ఆదివారం సాయంత్రం, హఫీజ్‌పేట్ స్టేషన్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక వర్గం తమ్ముళ్లు వారం రోజులుగా మా గది తలుపు కొడుతూనే ఉన్నారు. "అన్నా, కవితలు చానా వచ్చినయి. సగం అమ్మ మీదనే ఉన్నయి. మీరన్న జర వేరేది రాయండి" అని వాళ్ల మొర. సరే, వేరేదే రాస్తున్నాం. రైళ్ల గురించి రాస్తున్నాం. రైలెక్కి ఊరికి పోవడం గురించి కాదు, ఊరికే కూర్చుని రైళ్లను చూడటం గురించి.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఆదివారం సాయంత్రం కాగానే మేము నలుగురం ఎటు మాయమవుతామని ఈ రెండేళ్లలో మీరంతా అడిగారు. సినిమాకని కొందరు అనుకున్నారు. కోచింగ్‌కని వార్డెన్ సారు అనుకున్నారు. ఇంకేదో కథ ఉందని మెస్ అక్క అనుమానపడింది. అసలు సంగతి ఈ పేజీల్లో ఒప్పుకుంటున్నాం. మేము హఫీజ్‌పేట్ స్టేషన్‌కు పోతాం. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చుంటాం. వచ్చే బండినీ పోయే బండినీ చూస్తాం. నోట్‌బుక్‌లో నంబర్లు రాసుకుంటాం. చీకటి పడ్డాక తిరిగొస్తాం.

మేము అంటే నలుగురం. ఒకరిది తాండూరు వైపు, ఒకరిది ఆదిలాబాద్, ఒకరిది నల్గొండ, ఒకరిది పాలమూరు. అందరం పి.జి. రెండో సంవత్సరం. అందరికీ ఇరవై మూడు అటూఇటూ. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ కాగితం చేతితో పట్టుకున్న మొదటి మనుషులం మేమే. ఈ ముక్కలు రాసే చెయ్యి ఒకరిదే అయినా మాట నలుగురిదీ. అందుకే 'మేము' అనే రాస్తున్నాం.

మొదటిసారి స్టేషన్‌కు పోయింది రైళ్ల మీద ప్రేమతో కాదు. ఆదివారం మన హాస్టల్లో ఎంత గోల ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక గదిలో క్రికెట్, ఒక గదిలో క్యారమ్స్, బాత్‌రూముల దగ్గర బకెట్ల పంచాయితీ. మాలో నల్గొండ మిత్రుడు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షకు, అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి చదువుతున్నాడు. నిశ్శబ్దం కోసం వెతుక్కుంటూ పుస్తకం పట్టుకుని స్టేషన్‌కు పోతే, వెంట మేమూ పోయాం. స్టేషన్‌లో నిశ్శబ్దం దొరకలేదు గాని బెంచీ దొరికింది. ఆ బెంచీ మీద మాకంటే ముందే కొందరు కూర్చుని ఉన్నారు.

వాళ్లలో ఒకాయన రిటైరైన రైలు డ్రైవరు. లోకో పైలట్ అనాలి గాని ఆయన మాత్రం డ్రైవరనే చెప్పుకుంటాడు. మేమంతా పెద్దాయన అంటాం. ఇంకొకాయన హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మెడలో పెద్ద కెమెరా, భుజాన సంచి. ఆయనది గోదావరి జిల్లా. చిన్నప్పుడు గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన దాటే బళ్లను చూడటంతో మొదలైందట ఆయన పిచ్చి. 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో బళ్లు ఆపేశారు. ఆ రోజుల గురించి ఆయన దగ్గరి బంధువు పోయినట్టు చెబుతాడు. మాకు ఆయన కెమెరా అన్న. మూడో మనిషి ఆరో తరగతి పిల్లవాడు. చందానగర్ నుంచి వాళ్ల అమ్మను వెంటపెట్టుకుని వస్తాడు. వాడికి ఎక్కాలు రావు గాని రైలు నంబర్లన్నీ వచ్చు. పాపం ఆ తల్లి రైళ్లు చూడదు, స్వెట్టరు అల్లుకుంటుంది. ఇంకా ఇద్దరు ముగ్గురు వస్తూ పోతూ ఉంటారు.

మొదటి రోజు ఒక గూడ్సు బండి పోతుంటే, పుస్తకంలోంచి తలెత్తకుండా ఉన్న మా నల్గొండ మిత్రుణ్ని పెద్దాయన గదమాయించాడు. "లోకో పైలట్ అయితవా? ముంగటి నుంచి ఇంజను వోతుంటే సూడవా? నంబర్ జెప్పు." మావాడు నీళ్లు నమిలాడు. ఆరో తరగతి పిల్లవాడు టక్కున చెప్పాడు. ఆ అవమానంతోనే మొదలైంది మా చదువు.

ఆ బెంచీ మీద నేర్చుకున్నవి కొన్ని మీకూ చెబుతాం. ఇంజను మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి ఉంటాయి కదా, అవి అడ్డదిడ్డంగా రాసినవి కావు. డబ్ల్యూ అంటే మన దేశంలో అంతటా ఉన్న వెడల్పాటి పట్టాలది, అంటే బ్రాడ్‌గేజ్‌ది. డి అంటే డీజిల్, ఏ అంటే ఏసీ కరెంటు. పి అంటే ప్యాసింజర్ బళ్లకు, జి అంటే గూడ్సుకు, ఎం అంటే రెంటికీ. ఇప్పుడు డబ్ల్యూఏపి-7 అని కనబడితే అది ఎవరు, ఏం పని చేస్తుంది అన్నది మీరే చెప్పగలరు. ఆ పక్కన చిన్న అక్షరాల్లో దాని షెడ్డు పేరు ఉంటుంది. లాలాగూడ, కాజీపేట, విజయవాడ, ఇట్లా. మన సర్టిఫికెట్ మీద సొంత ఊరు రాసినట్టే ఇంజనుకూ ఒక ఇల్లు ఉంటుంది.

డబ్బా నంబరులో మొదటి రెండు అంకెలు అది తయారైన సంవత్సరం. రైలు నంబర్లు 2010 డిసెంబరు నుంచి ఐదంకెలయ్యాయి. ఒకటితోనో రెండుతోనో మొదలైతే దూరం పోయే బండి, నాలుగుతో మొదలైతే నగరంలో తిరిగే లోకల్ బండి. మన ఎంఎంటిఎస్ బళ్ల నంబర్లు నలభై ఏడుతో మొదలవుతాయి. చివరి డబ్బా వెనక పెద్ద 'ఎక్స్' గుర్తు ఎందుకంటే, బండి మొత్తం వచ్చింది, నడుమ తెగి ఏ డబ్బా వెనక మిగిలిపోలేదు అని స్టేషన్ వాళ్లు రూఢి చేసుకోవడానికి. ఆ గుర్తు కనబడకుండా బండి పోయిందంటే కంగారు పడాల్సిందే.

ఆ లైను చరిత్ర కూడా పెద్దాయన దగ్గరే విన్నాం. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా ఈ లైను 1874లో వచ్చింది. వాడి దగ్గర బొంబాయి, మద్రాసు మధ్య నడిచే లైనులో కలుస్తుంది. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎనిమిదేళ్ల పిల్లవాడు. పరిపాలన చూసింది మంత్రి సాలార్‌జంగ్. 1930లో ఈ రైల్వేను నిజాం ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకుంది. 1951లో అది భారత రైల్వేలో సెంట్రల్ రైల్వే కింద కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 2003 ఆగస్టు 9న ఎంఎంటిఎస్ మొదలయ్యాక లింగంపల్లి దాకా కరెంటు బళ్లు తిరిగాయి గాని, అక్కడి నుంచి వికారాబాద్ వైపు చాలా ఏళ్లు డీజిల్ ఇంజన్లే నడిచాయి. పెద్దాయన నడిపింది ఆ డీజిల్ బళ్లనే. ఇప్పటికీ సిగ్నల్ కనబడితే చాలు, పక్కన అసిస్టెంటు ఉన్నట్టే "గ్రీన్" అని గట్టిగా అంటాడు. ఇంజనులో ఇద్దరూ సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. అది రూలు. రిటైరైనా ఆ రూలు ఆయన నోట్లోంచి పోలేదు.

ఒకరోజు ఆయన మా నలుగురి కళ్లకూ పరీక్ష పెట్టాడు. దూరంగా కరెంటు స్తంభం మీదున్న నంబరు చదవమన్నాడు. ముగ్గురం చదివాం. లోకో పైలట్ కావాలనుకున్న మా నల్గొండ మిత్రుడు కళ్లద్దాలు తీసి చదవలేకపోయాడు. ఆ ఉద్యోగానికి ఏ-1 మెడికల్ ఉండాలి, కళ్లద్దాలు లేకుండానే చూపు పూర్తిగా ఉండాలి. ఈ సంగతి పరీక్ష పాసయ్యాక తెలిస్తే ఎంత కుంగిపోయేవాడో! ఆ సాయంత్రం వాడు ఒక్క బండి నంబరు కూడా రాసుకోలేదు. పెద్దాయన మిర్చి బజ్జీల పొట్లం వాడి ఒళ్లో పెట్టి, "స్టేషన్ మాస్టర్‌కు రాయి. ఆయన జెండా ఊపకుంటే నేను బండి కదిలిస్తనా?" అన్నాడు. ఇప్పుడు వాడు ఆ పరీక్షకే చదువుతున్నాడు.

ఆ బెంచీకి ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఎవరొచ్చినా అడిగే మొదటి ప్రశ్న, "ఇవాళ ఏం చూసినవ్?" అంతే. హుస్సేన్‌సాగర్‌కు ఏ ఇంజను పెట్టారు, కోణార్క్ ఎంత లేటు, గౌతమికి డబ్బాలెన్ని, ఇవే మాటలు. ఎవరి జీతం ఎంత, ఎవరి ఇల్లెక్కడ, ఎవరి ఇంటిపేరేంది అని ఎవరూ అడగరు. శనక్కాయలు తెచ్చినవాడు మధ్యలో పోస్తాడు, అందరి చేతులూ ఒకే కుప్పలో పడతాయి. మిత్రులారా, ఇది చిన్న సంగతిలా కనబడుతుంది. ఆ ప్రశ్నలు ఎన్నో చోట్ల ఎదుర్కొని వచ్చినవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో మీకు వేరే చెప్పాలా?

ఇక్కడే మేము చేసిన తప్పు చెప్పాలి. మొదటి రోజు కెమెరా అన్న మాటవరసకు, "ఎక్కణ్నుంచి వస్తున్నారు తమ్ముళ్లూ?" అన్నాడు. నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే, "మియాపూర్‌ల రూం తీసుకుని ఉంటున్నం అన్నా" అని చెప్పేశాం. ఎందుకు చెప్పాం? పి.జి.లో చేరిన కొత్తలో హాస్టల్ సీటు రావడానికి ముందు రెండు వారాలు మేము అద్దె గది కోసం తిరిగాం. ఒక ఇంటాయన గది చూపించాడు, అద్దె చెప్పాడు, అడ్వాన్సు చెప్పాడు. ఆ తర్వాత పేరు అడిగాడు. ఆ తర్వాత పూర్తి పేరు అడిగాడు. ఆ తర్వాత లోపలికి పోయి వచ్చి, గది వేరేవాళ్లకు మాటిచ్చామన్నాడు. "టు లెట్" బోర్డు మాత్రం మరుసటి వారం కూడా గేటుకు వేలాడుతూనే ఉంది. అప్పటి నుంచి ఎక్కడుంటారని ఎవరడిగినా సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అనే మాట మా గొంతులోనే ఆగిపోయేది. హాస్టల్ పేరు చెబితే తక్కింది అడగాల్సిన పని కూడా ఉండదు కదా.

ఒక అబద్ధం నిలబడాలంటే దానికి ఎన్ని దడులు కట్టాలో మాకప్పుడు తెలిసింది. మెస్ గంట కోసం వేళకు లేవాల్సి వస్తే, "ఓనరు గేటు మూస్తడు" అనేవాళ్లం. స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెల ప్లాట్‌ఫారం టికెట్‌కు పది రూపాయలు లేక రాకపోతే, "పరీక్షలు" అనేవాళ్లం. కెమెరా అన్న ఒకసారి, "మీ రూముకు వస్తా తమ్ముడూ, టెర్రస్ మీంచి మెట్రో ఫోటో తీద్దాం" అంటే, రెండు ఆదివారాలు మేము స్టేషన్ వైపే పోలేదు.

ఆ రోజుల్లోనే ఏప్రిల్ 14 వచ్చింది. జయంతి నాడు ఉపన్యాసం ఇవ్వాలని మన హాస్టల్ లైబ్రరీలో బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' తీసి నలుగురం కలిసి చదివాం. మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో మొదటి సంఘటనే ఒక రైల్వే స్టేషన్‌లో జరుగుతుంది. 1901లో, పదేళ్ల అంబేద్కర్ తన అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరాడు. కొత్త బట్టలేసుకుని సంబరంగా రైలెక్కి మసూరు స్టేషన్‌లో దిగారు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. పిల్లలు వస్తున్నారన్న ఉత్తరం తండ్రికి అందలేదు. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి మీరెవరని అడిగాడు. పిల్లవాడు ఆలోచించకుండా మహార్లమని చెప్పేశాడు. అంతే, స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోనన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకునేట్టు, తాను పక్కన నడిచేట్టు.

చదవడం అయ్యాక మాలో ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లవాడు స్టేషన్‌లో నిజం చెప్పాడు. ఇరవై మూడేళ్లొచ్చి, పి.జి. చదువుతూ, మేము స్టేషన్‌లో అబద్ధం చెబుతున్నాం. అయినా చెప్పడానికి ధైర్యం చాలలేదు. మా భయం ఒక్కటే, చెప్పాక ఆ బెంచీ మీద ఎవరి ముఖం మారుతుందోనని. ఇంటాయన ముఖం మారితే ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. ఈ బెంచీ లాంటిది ఇంకొకటి ఎక్కడ వెతుక్కోవాలి?

మేము చెప్పకపోయినా చెప్పేవాడు వచ్చాడు. మా నాయన వచ్చాడు.

మా నాయన అంటే ఈ ముక్కలు రాస్తున్నవాడి నాయన. కాని హాస్టల్లో ఎవరి నాయన వచ్చినా, ఆయన తెచ్చిన రొట్టెలు అందరివి అయినట్టే, ఆయనా అందరికీ నాయనే. మా ఊరు తాండూరు దగ్గర, ఇదే లైను పక్కన. నాయన బడికి పోలేదు. కాంట్రాక్టరు కింద పట్టాల పనికి పోతాడు. కంకర మోయడం, పోయడం, సర్దడం. ఆ ఆదివారం సద్ద రొట్టెలు, కందిపప్పు మూట పట్టుకుని ప్యాసింజర్ బండిలో లింగంపల్లికి వచ్చి, అక్కడ ఎంఎంటిఎస్ ఎక్కి హఫీజ్‌పేట్‌లో దిగాడు. ముందుగా చెప్పలేదు. దిగీ దిగగానే మమ్మల్ని చూశాడు. ప్లాట్‌ఫారం అవతలి చివర దాకా వినబడేంత గొంతు ఆయనది.

"అరె బిడ్డా! హాస్టల్‌కు వోదామనుకున్న. వాచ్‌మన్‌కు ఫోన్ జేస్తే పిలగాళ్లు టేషన్లనే ఉంటరన్నడు. ఏం కొడుకా, సోషల్ వెల్ఫేర్ హాస్టల్ల బువ్వ మంచిగనే వెడుతున్నరా? గిట్ల బక్కగైనరేంది?"

బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. మేము నలుగురం పట్టాల వైపు చూస్తూ ఉండిపోయాం. ఏ బండీ రావడం లేదు, అయినా చూశాం.

పెద్దాయనే ముందుగా కదిలాడు. పక్కకు జరిగి, "రా అన్నా, కూసో" అన్నాడు. నాయన అలవాటు ప్రకారం బెంచీ పక్కన కింద కూర్చోబోయాడు. "కింద గూసుంటే బండి కనవడది. పైకి రా" అని పెద్దాయన చెయ్యి పట్టి లేపాడు. నాయన బెంచీ అంచున, లేవడానికి తయారుగా ఉన్నట్టు కూర్చున్నాడు.

"ఏం పని జేస్తవే?"

"ఏమున్నది సారూ, కంకర పని. పట్టాల మీద. తాండూరు కాడ."

పెద్దాయన ముఖం మారింది. నిజంగానే మారింది. మేము చూశాం. నాలుగు రోజుల ముందు చదివిన మసూరు స్టేషన్ గుర్తొచ్చి మా గుండెలు గుభేలుమన్నాయి.

"తాండూరు కాడనా?" అన్నాడు పెద్దాయన ముందుకు వంగి. "ఏ కిలోమీటరు?"

నాయన కిలోమీటరు చెప్పాడు. చదువు రానివాడు, ఆ లైను మీద కిలోమీటర్ల రాళ్లన్నీ మాత్రం గుర్తుపట్టి చెప్పగలడు. పెద్దాయన తొడ చరిచాడు. "ఆడ వానకాలం వొస్తే బండి ఉయ్యాలూగినట్టు ఊగేది! పోయినప్పుడల్లా స్టేషన్ల చెప్పేటోన్ని, ఫలానా కాడ కుదుపు ఉన్నదని. నాలుగు రోజులకు మళ్ల వోతే నీళ్లమీద పడవ వోయినట్టు వోయేది. ఎవలు సర్దేటోళ్లో అనుకునేది."

"మేమే సారూ," అన్నాడు నాయన. "మీరు జెప్తే మమ్ముల తోలుదురు."

ఆ తర్వాత అరగంట వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. మేమంతా విన్నాం. కంకర గుండ్రంగా ఉంటే ఎందుకు పనికిరాదో నాయన చెప్పాడు. అంచులు కోసుగా ఉంటేనే రాయికి రాయి పట్టుకుంటుంది, గుండు రాయి జారిపోతుంది. కంకర సందుల్లోంచి నీళ్లు దిగిపోవాలి. మట్టి చేరి సందులు పూడితే నీళ్లు నిలిచి స్లీపరు కింద బురదవుతుంది, బండి బరువుకు అక్కడ దిగబడుతుంది. ఇంజను నంబర్లు, షెడ్లు, గుర్రపు శక్తులు అన్నీ రాసుకున్న మా నోట్‌బుక్కుల్లో కంకర గురించి ఒక్క వాక్యం లేదు. ఇరవై మూడేళ్లు ఆయన ఇంట్లోనే తిని పెరిగి, ఆయన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు మేము.

ఇంతలో గూడ్సు బండి వచ్చింది. మేమంతా ఎప్పటిలాగే ఇంజను కోసం మెడలు చాచాం. నాయన లేచి నిలబడ్డాడు. ఇంజను వైపు చూడలేదు. బండికి ఎదురుగా తిరిగి, చూపు కిందికి దించి, ఒక్కో డబ్బా చక్రాలు చూస్తూ, చివరి డబ్బా దాకా తల తిప్పుతూ నిలబడ్డాడు. చివర గార్డు కనబడగానే చెయ్యి పైకెత్తాడు. గార్డు కూడా చెయ్యెత్తాడు.

"ఇంజను సూడకుండ కింద ఏం జూసినవు తాతా?" అన్నాడు ఆరో తరగతి పిల్లవాడు.

జవాబు పెద్దాయన చెప్పాడు. పట్టాల మీద పనిచేసేవాళ్లు బండి వస్తే పక్కకు జరిగి ఊరికే నిలబడరు. చక్రం వేడెక్కి పొగ వస్తున్నదా, కింద ఏదన్నా వేలాడుతున్నదా, తలుపు ఊడిందా అని బండి మొత్తం చూడాలి. ఏదన్నా కనబడితే బండి ఆపే సైగ చెయ్యాలి. "మనం ఆదివారం ఆదివారం సూస్తం. ఈయన దినాం సూస్తడు. మనం సూడకుంటే ఏం గాదు. ఈయన సూడకుంటే అయితది" అన్నాడు.

"మీరు రైల్వేనా తాతా?" అని మళ్లీ అడిగాడు పిల్లవాడు.

"రైల్వే కాదు బిడ్డా. రోజు కూలి" అన్నాడు నాయన.

కెమెరా అన్న అప్పటికే ఫోటో తీసేశాడు. నాయన కంగారుపడి, "ఇంజను మంచిగ వడ్డదా సారూ? నేనేమన్న అడ్డమొచ్చిన్నా?" అన్నాడు. "ఇంజను పడలేదు బాబాయ్, మీరు పడ్డారు" అన్నాడు కెమెరా అన్న. ఆ ఫోటోలో గూడ్సు బండి మసకగా ఉంటుంది. చెయ్యెత్తి నిలబడ్డ నాయన ఒక్కడే స్పష్టంగా ఉంటాడు. ఇప్పుడది మా గదిలో బీరువా తలుపు మీద ఉంది. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

సద్ద రొట్టెలు బెంచీ మీదే అయిపోయాయి. స్వెట్టరు అల్లే ఆ తల్లి కూడా రెండు తీసుకుని, పిండి ఎట్లా కలుపుతారని అడిగింది. నాయన్ను తిరుగు బండి ఎక్కించి వచ్చాక, కెమెరా అన్న ముందు నిలబడి మేము చెప్పాం. "అన్నా, మియాపూర్‌ల మాకు రూమేం లేదు. అబద్ధం జెప్పినం."

ఆయన లెన్సు తుడుచుకుంటూ, "తెలుసు తమ్ముడూ. మొదటి వారమే తెలుసు" అన్నాడు. ఎట్లా అని అడిగితే, మా పాలమూరు మిత్రుడి సంచి చూపించాడు. హాస్టల్లో ఇచ్చిన సంచి. దాని మీద హాస్టల్ పేరు, శాఖ పేరు ఇంతేసి అక్షరాలతో అచ్చువేసి ఉన్నాయి. ఏడు నెలలు ఆ సంచి భుజానేసుకుని మేము మియాపూర్ కథ చెప్పాం! "మీరే చెబుతారులే అని ఊరుకున్నా" అన్నాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అందరూ అట్లాగే ఉన్నారని రాస్తే మళ్లీ అబద్ధమే అవుతుంది. అప్పుడప్పుడు వచ్చే ఒకాయన ఆ రోజు రొట్టె తీసుకోలేదు. కడుపు బాగాలేదన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ బెంచీకి రాలేదు. కడుపే బాగాలేదేమో, వేరే ఊరికి బదిలీ అయిందేమో. మేమైతే ఆయన కోసం అబద్ధాన్ని మళ్లీ మొదలుపెట్టదలచుకోలేదు. 1901లో పదేళ్ల పిల్లవాడికి స్టేషన్ మొత్తంలో పక్కకు జరిగి కూర్చోమన్న మనిషి ఒక్కడు దొరకలేదు. మాకు ఐదుగురు దొరికారు. దొరకనివాణ్ని లెక్కపెట్టుకుంటూ దొరికినవాళ్లను పోగొట్టుకోవద్దని మేము నలుగురం అనుకున్నాం.

తమ్ముళ్లూ, చివరగా మీకు రెండు మాటలు. మీలో ఎవరికైనా రైళ్లు చూడాలనిపిస్తే మాతో రండి. కాని మా బెంచీ రూళ్లు పాటించాలి. ప్లాట్‌ఫారం టికెట్ కొనాలి. పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పట్టాలు దాటకూడదు, వంతెన మెట్లే ఎక్కాలి. పట్టాల మీదికి పోతే 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. సెల్ఫీల కోసం ఆగి ఉన్న గూడ్సు డబ్బాలు ఎక్కొద్దు. పైన తీగలో ఇరవై ఐదు వేల వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు, అదే లాగేస్తుంది. మీ అమ్మానాయనలు మిమ్మల్ని ఇంతదూరం పంపింది డబ్బా మీద ఫోటోకు కాదు.

రెండో మాట. ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే మన హాస్టల్ పేరు చెప్పండి. గొంతు తగ్గించకుండా చెప్పండి. మీ నాయన ఏం పని చేస్తాడని అడిగితే ఆ పనే చెప్పండి. చెప్పడానికి ముందు ఆ పని ఎట్లా చేస్తారో ఇంటికి పోయినప్పుడు ఆయన్నే అడిగి తెలుసుకోండి. మేము ఇరవై మూడేళ్లకు అడిగాం. మీరు అంత ఆలస్యం చేయొద్దు.

మా పి.జి. ఈ వేసవితో అయిపోతుంది. మా గది మీలో ఎవరికో వస్తుంది. బెంచీ మాత్రం ఖాళీగా ఉండకూడదని మా కోరిక. ఆదివారం నాలుగున్నరకు గేటు దగ్గర ఉండండి. నారాయణాద్రి లింగంపల్లి నుంచి బయల్దేరేలోపు మనం అక్కడుండాలి. ఆరో తరగతి పిల్లవాడు, ఇప్పుడు ఏడో తరగతి అనుకోండి, ఇంజను నంబరు మీకంటే ముందే చెప్పేస్తాడు. సిగ్గుపడకండి, మేమూ అట్లాగే మొదలయ్యాం.

హాస్టల్ సంచులే తెచ్చుకోండి.

— పి.జి. రెండో సంవత్సరం మిత్ర బృందం